కొట్టేసిన మూడు వాక్యాలు

నాలుగో అంతస్తు గది,
సోమవారం

బాబాయ్,

నీ ఉత్తరం అంది పది రోజులైంది. ఫోన్ చేద్దామంటే నీకు పడదు. "నోటిమాటకి ప్రూఫు దిద్దుకోలేం" అంటావు. అందుకని భోజనాల విరామంలో కూర్చుని రాస్తున్నాను. అక్షరాలు గుండ్రంగా లేవని తిట్టకు.

నాకు ఉద్యోగం దొరికిందోచ్! చేరి నెలయింది. మూడు నెలలు పరీక్షా కాలం, నచ్చితే ఉంచుకుంటారు, లేకపోతే దండం పెట్టి పంపేస్తారు. నీ అన్నగారు, అంటే మా నాన్న, "మళ్లీ రాతకోతల పనేనా" అని మొహం ముడుచుకున్నారు. నేను రాసేది మనుషులు చదవరని తెలిస్తే ఇంకేమంటారో! నిజం బాబాయ్, నా పాఠకులు యంత్రాలు.

వివరంగా చెప్తాను, విను. డిజిటల్ నాణేలు దాచుకునేదాన్ని వాలెట్ అంటారు. ప్రతి వాలెట్‌కీ చాంతాడంత చిరునామా ఉంటుంది, అంకెలూ అక్షరాలూ కలగలిపి. దాన్లోంచి ఎవరికి వెళ్లినా, దాన్లోకి ఎవరి దగ్గర్నుంచి వచ్చినా బ్లాక్‌చెయిన్ అనే బహిరంగ చిట్టాలో పడిపోతుంది. ఒకసారి పడ్డాక చెరపడం ఎవరి తరమూ కాదు. ఆ చిట్టాలో వెతికిపెట్టే పనిముట్టు ఒకటి మావాళ్లు తయారుచేశారు. దాన్ని వాడేది మనుషుల తరఫున పనులు చేసిపెట్టే ఏఐ ఏజెంట్లు. ఈ పనిముట్టు ఏం చేస్తుందో, ఎలా అడగాలో ఆ ఏజెంట్లకు చెప్పే వివరణ రాయడం నా పని. అవి దాన్ని తూచా తప్పకుండా నమ్ముతాయి. నేను రాసిందే వేదం.

చిక్కేమిటంటే, మా పై అధికారిణికి పొడుగు వాక్యం కనిపిస్తే ఒంటికి కారం రాసుకున్నట్టుంటుంది. మేమంతా ఆవిడని కత్తెరగారు అంటాం, చాటుగా. ఏజెంట్ ప్రతిసారీ ఆ వివరణ మొత్తం చదువుతుంది కాబట్టి మాట పెరిగితే ఖర్చు పెరుగుతుందట. తగ్గించి తెమ్మంది. నా చిత్తుప్రతిని మన భాషలోకి మార్చి కింద రాస్తున్నాను. చిన్నప్పుడు నా వ్యాసాలకి పట్టించినట్టే దీనికీ ఎర్ర పెన్సిల్ పట్టించు.

"ఇచ్చిన వాలెట్ చిరునామాకు సంబంధించిన లావాదేవీలను చూపిస్తుంది. తేదీ, పంపినవారు, అందుకున్నవారు, మొత్తం ఉంటాయి. ఒకసారికి కొత్తవి వంద మాత్రమే వస్తాయి. పాతవి కావాలంటే జవాబు చివర ఉన్న గుర్తును పంపి తర్వాతి పుట అడగాలి. పుటలన్నీ చూడకుండా లేదని చెప్పకూడదు."

వెంటనే దిద్ది పంపుతావు కదూ? పిన్ని పోయాక నువ్వు భోజనం సరిగ్గా చేయడం లేదని నాన్న అన్నారు. అది కూడా దిద్దుకో.

నీ
అమ్మలు

*

ప్రెస్సు సందు, మేడమీద గది,
శుక్రవారం

అమ్మలూ,

నీ ఉత్తరంలో నాలుగు చోట్ల కామా ఎక్కువైంది. ఉద్యోగం వచ్చిన సంతోషంలో పడ్డవి కాబట్టి క్షమించాను.

ముప్పై ఎనిమిదేళ్లు ప్రూఫులు దిద్దాను. మంత్రులవి దిద్దాను, మందుల షాపులవి దిద్దాను. యంత్రాలు చదివేదానికి దిద్దడం ఇదే మొదలు. నా పెన్సిల్‌కి కూడా సిగ్గేసింది. అయినా చదివేది ఎవరైతేనేం, చెత్త చెత్తే.

చివరి మూడు వాక్యాలూ కొట్టేశాను. "తర్వాతి పుట అడగాలి" ఏమిటే? చేతిలో పుస్తకం ఉన్నవాడికి పుట తిప్పమని చెప్పాలా? చదువరిని తెలివితక్కువవాడిగా చూసే రాత ఎప్పుడూ వద్దు. ఒకటో వాక్యంలో "లావాదేవీలన్నీ" అని మార్చాను. దాంతో సరిపోతుంది. ఇప్పుడు చదువుకో, గంట కొట్టినట్టుందా లేదా?

నువ్వు చెప్పిన ఆ వాలెట్ గొడవ నాకు కొత్త కాదు, తెలుసా? ప్రెస్సు మూతపడ్డాక తలో దిక్కూ పోయిన పదహారుమందిమి ఒక సహాయ నిధి పెట్టుకున్నాం కదా. నలుగురు నాలుగు దేశాల్లో ఉన్నారు, బ్యాంకులో పంపితే ఆలస్యం. అందుకని సముద్రం అవతల ఉన్న మన కంపోజిటరు, ప్రెస్సులో అక్షరాలు పేర్చేవాడు, ఇలాంటి వాలెట్టే పెట్టించాడు. లెక్క చూసేది తాళాల మేస్త్రి. నీకు గుర్తుండే ఉంటాడు, మిషన్ల మరమ్మతు చూసేవాడు, ఇప్పుడు తాళంచెవులు కోసే కొట్టు పెట్టుకున్నాడు. ఈ వీధిలో సగం తలుపులు తెరవగలడు, పిలవకుండా ఒక్కటీ తెరవలేదు. ముప్పై ఏళ్లు వాడూ నేనూ ఒకే క్యారియరు పంచుకుని తిన్నాం. అలాంటివాడి చేతిలో నిధి ఉంటే మాకు నిశ్చింత.

భోజనం బాగానే చేస్తున్నాను. మీ నాన్నకి నా పొట్ట కొలవడం తప్ప వేరే పని లేదు.

బాబాయి

*

నాలుగో అంతస్తు గది,
బుధవారం

బాబాయ్,

కత్తెరగారు నవ్వింది! ఆవిడకి పళ్లున్నాయని ఆఫీసులో చాలామందికి ఇవాళే తెలిసింది. "ఇలా రాయడం ఎక్కడ నేర్చుకున్నావ్" అంది. మా ఇంట్లోనే అన్నాను. నీ పేరు చెబుదామనుకున్నాను గానీ, పొగడ్త అంతా నాకే ఉండనీ అనిపించి ఊరుకున్నాను. ఏమనుకోకు.

పనిముట్టు బయటికి వెళ్లింది. మొదటి వారంలోనే వందలమంది తమ ఏజెంట్లకి తగిలించుకున్నారట. నిజం చెప్పనా, నువ్వు కొట్టేసిన మూడు వాక్యాలూ చూసి ఒక్క క్షణం ఆగాను. ఆ మూడోది పనిముట్టు చేసినవాళ్లు ప్రత్యేకంగా చెప్పి రాయించింది. కానీ నీ పెన్సిల్ పడ్డచోట మళ్లీ చూసే అలవాటు నాకెప్పుడుంది? అలాగే ఇచ్చేశాను.

నీకో టేబుల్ లైటు కొని పంపుతున్నాను. మెడ వంచగలిగేది. కళ్లు చిట్లించి చదవకు.

అమ్మలు

*

ప్రెస్సు సందు,
ఇరవై నాలుగో తారీఖు

అమ్మలూ,

లైటు అందింది. బాగుంది.

రాయడం ఆలస్యమైంది. మనసు బాగాలేదు. ఎవరితోనూ అనకు, మీ నాన్నతో అసలే వద్దు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు.

ప్రెస్సులో పుస్తకాలు కుట్టిన మా బైండరు, ఆ పదహారుమందిలో ఒకడు, రెండు నెలల కిందట పోయాడు. పలకరించడానికి వెళ్తే వాళ్లావిడ, మేమంతా వదిన అంటాం, ఒక మాట అంది. "ఆయనకి ఆపరేషనైనప్పుడు మీ సంఘం ఒక్క నాణెం కూడా పంపలేదుగా, పోన్లెండి" అంది. మాకు తల తీసేసినట్టయింది. మూడేళ్ల కిందట ఆ సాయం మంజూరు చేశాం. పంపాల్సింది తాళాల మేస్త్రి.

ఇరవయ్యో తారీఖున నా గదిలోనే కూర్చున్నాం. దూరంగా ఉన్నవాళ్లు ఫోన్‌లో ఉన్నారు. మేస్త్రి ఒకటే మాట, "పంపాను." రుజువేదంటే పాత ఫోన్ చచ్చిపోయిందన్నాడు. "ఆ చిట్టాలో ఉంటుంది, చూసుకోండి" అని తనే అన్నాడు. కంపోజిటరు దగ్గర నువ్వు చెప్పిన ఏఐ ఏజెంట్ లాంటిదే ఒకటుంది, నెలనెలా లెక్క అదే పంపుతుంది. దాన్ని అడిగాడు. అది వెతికి, "ఈ వాలెట్ లావాదేవీలన్నీ పరిశీలించాను. బైండరుగారి వాలెట్‌కు ఏమీ పంపినట్టు లేదు" అంది.

అప్పుడు నేనే అన్నాను, "యంత్రం అబద్ధం చెప్పదు కదా మేస్త్రీ" అని.

వాడు నావంక చూశాడు. చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. వాణ్ని బాధ్యతల్లోంచి తప్పిస్తూ ఉత్తరం రాసింది నేనే. మొదటి సంతకమూ నాదే. ఒక్క మాట ఎక్కువ లేకుండా రాశానని అందరూ మెచ్చుకున్నారు కూడాను.

మనిషిని ఎన్నేళ్లు చూసినా తెలియదన్నమాట.

బాబాయి

*

నాలుగో అంతస్తు గది,
తారీఖు వేయడం మర్చిపోయి మళ్లీ వేస్తున్నాను, పదకొండు

బాబాయికి,

నీ ఉత్తరం వచ్చి రెండు వారాలు దాటింది. పని ఒత్తిడి వల్ల వెంటనే రాయలేదు. ఇక్కడ అంతా కులాసా. నన్ను ఉద్యోగంలో ఖాయం చేశారు. గోడవైపు బల్ల తీసేసి కిటికీ దగ్గర బల్ల ఇచ్చారు. కింద వీధిలో గొడుగులు బాగుచేసే ఆయన కనిపిస్తాడు. నాన్నకి దగ్గు తగ్గింది.

రెండు చిన్న విషయాలు అడగాలి. మేస్త్రిగారు ఆ సాయం పంపానన్నది సరిగ్గా ఎప్పుడు? ఆ తర్వాత మీ వాలెట్‌లోకి సుమారు ఎన్ని జమలు వచ్చి ఉంటాయి? మీ నెలవారీ లెక్క కాగితం మీద వాలెట్ చిరునామా ఉంటుంది, బైండరుగారిది కూడా ఎక్కడో ఉండాలి. రెండూ రాసి పంపగలవా? ఊరికే, ఆఫీసు పనికి ఉదాహరణగా పనికొస్తాయని.

ఆరోగ్యం జాగ్రత్త.

అమ్మలు

*

ప్రెస్సు సందు,
ఆదివారం

అమ్మలూ,

నువ్వు నన్ను "బాబాయికి" అని మొదలుపెట్టి, "అంతా కులాసా" అని రాసింది ఇదే మొదటిసారి. చిన్నప్పుడు సిరా బుడ్డి ఒలకబోసిన రోజు కూడా ఇలాగే మర్యాదగా ఉన్నావు. ఏమైంది? ఆఫీసులో ఎవరైనా ఏమైనా అన్నారా?

అడిగినవి ఇవిగో. పంపానన్నది మూడేళ్ల కిందట, వానాకాలం చివర్లో. ఆపరేషనయ్యాక బైండరు కట్టడం మానేశాడు, వాడు పోను నెలకి పదిహేను జమలు, ఆ పైన ముప్పై ఏడు నెలలు. గుణకారం నువ్వు చేసుకో. చిరునామాలు రెండూ వెనకవైపు రాశాను. ఒక్కో అక్షరం మూడుసార్లు సరిచూశాను, తప్పుండదు. ఉంటే నా ముప్పై ఎనిమిదేళ్ల సర్వీసు దండగ.

మేస్త్రి సంగతి ఒకటి ఉంది. మీటింగైన నాలుగో రోజున కొట్టు మూసేశాడు. తాళంచెవులు కోసే మిషను అమ్మేశాడు. ఆ సాయం ఎంతో అంతా నిధిలో వేసి, "బైండరు భార్యకి చేర్చండి" అని ఒక్క ముక్క రాసి, పక్క ఊళ్లో కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుందని మావాళ్లన్నారు. నేనూ కాదనలేదు. కాదనలేదు గానీ, ఆ మూసిన కొట్టు ముందునుంచి నడవాల్సి వస్తుందని ఇప్పుడు చుట్టూ తిరిగి వెళ్తున్నాను.

బాబాయి

*

నాలుగో అంతస్తు గది,
గురువారం

బాబాయ్,

మేస్త్రిగారు పంపారు.

ముందు అది చెప్పేశాను, ఇంక మిగతాది చదువు. నువ్వు రాసిన చిరునామా పెట్టి నేనే వెతికాను. మొదటి పుటలో లేదు, రెండులో లేదు. ఆరో పుటలో ఉంది. తేదీ ఉంది, బైండరుగారి చిరునామా ఉంది, ఒక్క అక్షరం తేడా లేదు. చిట్టాలో మూడేళ్లుగా అలాగే ఉంది. బైండరుగారు ఇంట్లో చెప్పి ఉండరు, అంతే. పుట అచ్చు తీసి ఈ కవర్లోనే పెడుతున్నాను.

మీ కంపోజిటరుగారి ఏజెంట్ వాడేది మా పనిముట్టే. దానికి వచ్చినవి కొత్తవి వంద. "లావాదేవీలన్నీ చూపిస్తుంది" అని నా వివరణ చెప్పింది కాబట్టి, ఆ వందనే అన్నీ అనుకుని లేదని చెప్పేసింది. అది అబద్ధం చెప్పలేదు. నేను చెప్పించాను.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. పనిముట్టు బయటికి వెళ్లిన మూడు వారాలకి ఎవరో ఫిర్యాదు రాశారు, పాత లావాదేవీ దొరకడం లేదని. చూడగానే నాకు తెలిసిపోయింది. తొమ్మిదో తారీఖున ఆ మూడు వాక్యాలూ తిరిగి పెట్టేశాను. కానీ పాత వివరణ తెచ్చుకున్నవాళ్ల దగ్గర పాతదే ఉంటుంది. తప్పు దొర్లింది, కొత్తది తీసుకోండి అని ప్రకటన ఇస్తేనే మార్చుకుంటారు. నేను ప్రకటన ఇవ్వలేదు. సవరణల పట్టికలో "చిన్న మార్పులు" అని రాసి ఊరుకున్నాను. అప్పటికి నా పరీక్షా కాలం ముగియడానికి ఇంకా తొమ్మిది రోజులుంది బాబాయ్. కత్తెరగారు మొదటిసారి నవ్విన పిల్లని, తప్పు చేశానని చెప్పడానికి నోరు రాలేదు.

మీ మీటింగు ఇరవయ్యో తారీఖున. మధ్యలో పదకొండు రోజులు. ఆ పదకొండు రోజుల్లో ఏ పూట ప్రకటన ఇచ్చినా మేస్త్రిగారి కొట్టు తెరిచే ఉండేది. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చాను.

నీ ఉత్తరం చదివిన రోజునే అనుమానం వచ్చింది. రెండు వారాలు ఎందుకు ఊరుకున్నానంటే, భయం. వేరే కారణం ఏదైనా రాద్దామని చూశాను, దొరకలేదు.

తప్పంతా నాది. మేస్త్రిగారితో అలాగే చెప్పు.

అమ్మలు

*

ప్రెస్సు సందు,
మంగళవారం

అమ్మలూ,

తప్పంతా నీది కాదు. నువ్వు రాయకుండా దాచినది ఒకటుంది, నాకు నొప్పి కలగకూడదని. ఆ వాక్యాలు కొట్టింది నేను. "చదువరిని తెలివితక్కువవాడిగా చూడొద్దు" అని పాఠం చెప్పింది నేను. పుట తిప్పమని ఎవరికీ చెప్పక్కర్లేదన్న పెద్దమనిషిని, ఆ సాయంత్రం నా గదిలో ఒక్క పుటా తిప్పకుండా తీర్పు చెప్పాను. నేను కొట్టేసినదాని వల్లే ఆ యంత్రం అలా పలికింది. ఆ పలుకే తెచ్చి వాడి మొహాన కొట్టాను. తిలా పాపం తలా పిడికెడు అంటారు. నా పిడికిలి పెద్దది.

అయినా నీకో మాట. వాక్యం పోవడం నా తెలివితక్కువతనం, నిన్ను దాని గురించి ఏమీ అనలేను. ఆ పదకొండు రోజులు మాత్రం నీవి. వాటిని నేను మోయలేను, ఎవరూ మోయలేరు. ప్రకటన ఇవ్వు. "చిన్న మార్పులు" అని కాదు. ఏం తప్పు జరిగిందో, ఎప్పట్నుంచి ఎప్పటిదాకానో, ఎవరు రాశారో రాయి. ఎన్ని మాటలైనా ఫరవాలేదు. కత్తెరగారికి నచ్చకపోతే నా గది ఉంది, వచ్చెయ్.

మిగతా పదమూడుమందికీ ఆ ఆరో పుట నకలు పంపాను. వదినకి కూడా. ఆవిడ బైండరు పాత ఫోన్ ఎవరికో ఇచ్చి చూపించుకుంటే, ఆ సాయం ఆస్పత్రికే వెళ్లిందని తేలింది. ఆయన ఇంట్లో అప్పు చేశానని చెప్పాడట, సంఘం దగ్గర చేయిచాచానని చెప్పుకోలేక. ఆవిడ చాలా ఏడ్చింది.

ఆదివారం నేను మేస్త్రి దగ్గరికి వెళ్తున్నాను.

బాబాయి

*

నాలుగో అంతస్తు గది,
శనివారం

బాబాయ్,

ప్రకటన ఇచ్చాను. రెండు పేజీలు. నా పేరుతో.

ముందు కత్తెరగారి గదిలోకి వెళ్లి చెప్పాను. ఆవిడ సవరణల పట్టిక తెరిచి తేదీలు చూసింది. "అప్పుడే చెప్పి ఉంటే ఒక గంట పని" అంది. అరిచినా బాగుండేది. ఇకమీదట నా రాతలు ఇంకొకరు చూశాకే బయటికి వెళ్తాయి. కిటికీ దగ్గర బల్ల ఉంచారు. అక్కడ కూర్చోవడానికి నాకే సిగ్గుగా ఉంది.

ప్రకటన చూసి ఇప్పటికి ఆరుగురు రాశారు. వాళ్లలో ఒకావిడ, తమ్ముడు పంపానన్నది పంపలేదనుకుని ఏడు వారాలుగా అతనితో మాట్లాడటం లేదట. ఇప్పుడు మూడో పుటలో దొరికిందట. నాకు కృతజ్ఞతలు చెప్పింది బాబాయ్. ఆ మాట ఎలా పుచ్చుకోవాలో తెలియక జవాబు రాయలేదు.

మేస్త్రిగారికి ఒక ఉత్తరం రాసి ఇందులో పెట్టాను. నీతో తీసుకెళ్తావా? దిద్దకు. అక్షరాలు ఎలా ఉన్నా అలాగే ఇవ్వు.

ఆయన ఏమన్నారో ఉన్నదున్నట్టు రాయి. నా మనసు కష్టపడుతుందని ఒక్క మాట కూడా తగ్గించకు.

అమ్మలు

*

ప్రెస్సు సందు,
సోమవారం

అమ్మలూ,

వెళ్లొచ్చాను. ఉన్నదున్నట్టే రాస్తున్నాను.

తలుపు వాడి కూతురు తీసింది. చిన్నప్పుడు నా భుజాలెక్కి అచ్చు మిషన్లు చూసిన పిల్ల. "ఎవరు కావాలండీ?" అంది. నేనెవరో దానికి తెలుసు. "నాన్న లోపలున్నారు" అని పక్కకి జరిగింది గానీ, రండి అనలేదు.

వాడు ముందుగదిలో కింద కూర్చుని ఎవరిదో కుట్టుమిషను విప్పుతున్నాడు. చేతుల నిండా నూనె. నేను ఆ కాయితం చాపి, "మేస్త్రీ, దొరికింది. నువ్వు పంపావు. ఇదిగో చూడు" అన్నాను. వాడు చేతులు గుడ్డకి తుడుచుకుని, కాయితం తీసుకుని, చివరిదాకా చదివాడు. మడిచి నాకే ఇచ్చాడు.

"నేను పంపానని నాకు తెలుసు కదరా" అన్నాడు.

యంత్రం ఎందుకు లేదందో, ఆ మాటలు కొట్టేసింది నేనేననీ, మా పిల్ల ప్రకటన దాచిందనీ అంతా చెప్పాను. మధ్యలో అడ్డురాలేదు. అంతా అయ్యాక అన్నాడు.

"ఆ యంత్రం మీద నాకేం కోపం? దానికి నేనెవర్ని? నాతో క్యారియరు పంచుకుని తిన్నది అది కాదు కదా. నువ్వు. మిగతా పదమూడుమంది పదమూడు రకాలుగా అననీ, నువ్వొక్కడివి మా ఇంటికొచ్చి, ఏరా, ఏం జరిగిందిరా అని అడుగుతావని చూశాను. మూడు రోజులు కొట్టు తెరిచి కూర్చున్నాను. అదే సందులో ఉంటావు. రాలేదు."

"మీటింగులో అడిగాం కదరా" అన్నాను. అనగానే నా నోరు నొక్కుకోవాలనిపించింది.

"మీటింగు అడిగింది. నువ్వడగలేదు."

అప్పుడు నేను, తప్పు చేయనివాడివి సొమ్మెందుకు కట్టావు, అందుకే కదా మేం అలా అనుకున్నాం అన్నాను. చూడు, అప్పటికీ నా తరఫున వాదించుకుంటూనే ఉన్నాను. వాడు నన్ను వింతగా చూశాడు.

"వదినకి అందలేదన్నారు కదా. ఎవరి తప్పైతేనేం, ఆవిడకి అందాలిగా" అన్నాడు.

నిధి నుంచి అది తిరిగి ఇస్తామని చెప్పాను. సరే అన్నాడు, అంతే. మళ్లీ లెక్కలు నువ్వే చూడాలని అందరూ అడుగుతున్నారని చెప్పాను. తల అడ్డంగా ఊపాడు. నీ ఉత్తరం ఇచ్చాను. అది మాత్రం విప్పి, రెండుసార్లు చదివి, జేబులో పెట్టుకున్నాడు. "పిల్ల చెప్పింది. చిన్నది కాబట్టి చెప్పగలిగింది. దాన్ని ఏమీ అనకు" అన్నాడు. నీకు చెప్పమన్నది అదొక్కటే.

మంచినీళ్లిచ్చాడు. కూర్చోమనలేదు. తాగి గ్లాసు కింద పెట్టాను. "నీ బస్సుకి వేళవుతుంది" అని మళ్లీ కుట్టుమిషను ముందు కూర్చున్నాడు.

అమ్మలూ, ముప్పై ఎనిమిదేళ్లు ఇతరుల తప్పులు వెతికి బతికాను. నా తప్పు నా సందులోనే, నాలుగు ఇళ్ల అవతల, తలుపు తెరుచుకుని మూడు రోజులు కూర్చుంది. నేను చూడలేదు. నీ వివరణలో మూడు వాక్యాలు లేవు, అవి మళ్లీ పెట్టొచ్చు, పెట్టావు. నేను అడగని ఆ ఒక్క మాటని ఇప్పుడు ఎక్కడ పెట్టను?

వచ్చే నెల మొదటి ఆదివారం మళ్లీ వెళ్తాను. ఆ తర్వాతి నెల కూడా. వాడు కూర్చోమంటే కూర్చుంటాను. అనకపోతే నిలబడే ఉంటాను.

నీ
బాబాయి